సిద్దమ్మ ఒంటి ఫోటో

ఎమ్మిగనూరులో నేసేవాళ్ళ వీధిని గేరి అంటారు. ఆ గేరి మొదట్లోనే బాలస్వామి ఫోటో స్టూడియో. ఒకప్పుడు పెళ్ళిళ్ళకూ శ్రీమంతాలకూ ఆయన దొరకడమే గగనం. ఇప్పుడు పెళ్ళంటే ఆకాశంలో గిరగిరా తిరిగే కెమెరా ఉండాలి, పెళ్ళికూతురు పొద్దుతిరుగుడు చేలో పరుగెత్తాలి, పెళ్ళికొడుకు ఆమె వెంట పడాలి. ఆ వేషాలన్నీ కర్నూలు కుర్రాళ్ళ పని. బాలస్వామికి మిగిలింది చావులే. ఊళ్ళో ఎవరైనా కన్నుమూస్తే డప్పులవాళ్ళకంటే ముందు ఆయనకే ఫోను వస్తుంది. పోయిన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, పక్కకు ఒరిగిపోకుండా పంచెతో కట్టి, బొట్టు పెట్టి దండ వేస్తారు. చుట్టూ ఇంటివాళ్ళు నిలబడతారు. ఆ కడపటి ఫోటో తీసి, దినాలనాటికి పటం కట్టించి ఇవ్వడం ఆయన బతుకుతెరువు.

పటం కట్టడమంటే మాటలు కాదు. మన ముసలివాళ్ళలో ఒంటి ఫోటో ఉన్నవాళ్ళు ఎందరు? ఒక్కరినే కూర్చోబెట్టి తీస్తామంటే, "ఏమప్పా, అప్పుడే నాకు పటం కట్టేదానికి తయారైనావా?" అని మీదికొస్తారు. అందుకని ఏ పెళ్ళి గుంపులోంచో ఆ తలను కత్తిరించి, కంప్యూటరులో ముందే పెట్టుకున్న ఒంటికి అతికించాలి. మగవాళ్ళకు తెల్లచొక్కా, కండువా. ఆడవాళ్ళకు ఎర్రంచు పచ్చ పట్టుచీర. ఆ చీర కట్టుకున్న అసలు మనిషి ఎవరో, ఏ ఊరిదో బాలస్వామికే తెలియదు. ఇన్నేళ్ళుగా ఆ గేరిలో పోయిన ఆడవాళ్ళంతా ఆ ఒక్క చీరలోనే గోడలెక్కారు.

"బతికినన్నాళ్ళూ ఊరికంతా చీరలు నేసినోళ్ళు. సచ్చినాక అందరికీ కలిపి ఒకటే చీరనా? ఏం రాతయ్యా ఇది!" అని ఆయన భార్య సిద్దమ్మ పకపకా నవ్వేది. సిద్దమ్మ నోటికి గేరి అంతా భయపడుతుంది. కష్టమొస్తే మాత్రం అందరూ ఆ నోటి దగ్గరికే వస్తారు.

సిద్దమ్మకూ ఒంటి ఫోటో లేదు. అసలామెకు పెళ్ళి ఫోటోనే లేదు. ఎట్లా ఉంటుంది? ఫోటోలు తీయవలసినవాడు పీటల మీద కూర్చున్నాడాయె! ఆదోని నుంచి వచ్చి తీస్తానన్న ఆయన గురువు రానేలేదు. ఆ తర్వాత బాలస్వామి ఎన్నిసార్లు కెమెరా ఎత్తినా ఆమె మొహం తిప్పేసుకునేది. "ఆ డబ్బాతో నిన్న పీనుగును తీసి ఈరోజు నన్ను తీస్తావా? సిగ్గుండల్ల" అనేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు. కాపురం చేసే మనిషి కళ్ళెదుట ఉండగా ఫోటోతో ఏం పని అనుకునేవాడు.

ఆ గురువుగారి సంగతి ఒకటి చెప్పాలి. పేరున్న మనిషే, కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది. నచ్చని ఫోటోను శిష్యుడి ముఖాన విసిరికొట్టేవాడు. తప్పేమిటో చెప్పేవాడు కాదు. మగ్గం గుంతలోంచి లేచి, తండ్రి చేత నానా తిట్లూ తిని, కెమెరా నేర్చుకుందామని పోయిన బాలస్వామి ఏం తప్పు చేశాడో తెలియకుండానే ఏళ్ళు గడిపాడు. తనకు శిష్యులంటూ ఉంటే ఇట్లా చేయకూడదని అప్పుడే గట్టిగా అనుకున్నాడు. అనుకుంటే సరిపోతుందా, శిష్యులు రావద్దూ? జయకుమార్ అని ఒకడు వచ్చి కొన్నాళ్ళు లైట్లు పట్టుకుని, కర్నూలు వెళ్ళి పెద్ద స్టూడియో పెట్టుకున్నాడు. మళ్ళీ ఎవరూ రాలేదు.

ఇన్నాళ్ళకు పక్కింటి వెంకటప్ప కూతురు చౌడేశ్వరి వచ్చింది. డిగ్రీ అయిపోయింది. మగ్గాలకు నూలు కండెలు చుట్టిన కూలితో ఎక్కడో పాత కెమెరా ఒకటి కొనుక్కుంది. దాన్ని చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని, "పెద్దనాయనా, నాకు ఫోటోలు నేర్పిస్తావా?" అని అడిగింది.

"నా దగ్గర నేర్చుకుంటే పీనుగులు తీసేదే వస్తాది కదమ్మీ" అన్నాడు బాలస్వామి.

"ఆయప్ప మాటలకేం గానీ, నువ్వు నేర్చుకో పాపా" అంది లోపల్నుంచి సిద్దమ్మ. అంతటితో తేలిపోయింది.

చౌడేశ్వరి మొదటిసారి తెచ్చిన ఫోటోలు చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. మగ్గం ముందు కూర్చున్న వాళ్ళ తాత నడినెత్తిన గుంజ మొలిచింది. బాలస్వామి నవ్వలేదు. ఆయన పద్ధతి ఆయనకుంది. ముందు బాగున్నది చెప్పాలి, తర్వాత ఎక్కడ చెడిందో చెప్పాలి, ఆపైన రేపేం చేయాలో చెప్పాలి. ఈ మూడూ చెప్పకుండా ఆ పిల్లను ఇంటికి పంపేవాడు కాదు.

"తాత చేతులు చూడు ఎంత బాగా వచ్చినాయో. పని చేసే చేతులని ఎవరన్నా చెప్తారు. అయితే మనం మనిషిని చూస్తా మనిషి వెనకాలేముందో మర్చిపోతాం. కెమెరా మర్చిపోదు. ఆ గుంజను కూడా తీసేసుకుంటాది. రేపు కొంచెం పక్కకు జరిగి తీ" అన్నాడు.

ఇంకోసారి మిట్టమధ్యాహ్నం మిరపకళ్ళంలో తీసుకొచ్చింది. కూలీల కళ్ళున్నచోట నల్లటి గుంతలున్నాయి. "ఎరుపు బ్రహ్మాండంగా పట్టినావు. కానీ మన ఎండ ఊరికే ఉండదు, మొహాలు తినేస్తాది. పొద్దున్నే పో, లేకుంటే పొద్దువాలినాక పో" అన్నాడు. మరోసారి అందరూ పోలీసుస్టేషన్లో నిలబడినట్టు బిగుసుకుపోయి ఉన్నారు. "నవ్వండి అని చెప్పినావు కదా? చెప్తే పళ్ళు కనపడతాయి గానీ నవ్వు కనపడదు. కెమెరా కిందికి దించి రెండు మాటలు మాట్లాడు. వాళ్ళు నిన్ను మర్చిపోయినప్పుడు తీ."

పిల్ల చెప్పినమాట చెప్పినట్టు పట్టుకునేది. చూస్తుండగానే చెయ్యి తిరిగింది. ఆమె ఫోటోల్లో మనుషులు మనుషుల్లా కనబడటం మొదలుపెట్టారు. బాలస్వామికి లోపల్లోపల ఎంత సంబరమో! తనకెవరూ చెప్పని మాటలు ఇంకొకరికి చెప్పడంలో ఇంత సుఖముంటుందని ఆయనకు ఆ వయసులో తెలిసింది.

ఆ సంగతి విని జయకుమార్ కర్నూలు నుంచి చౌడేశ్వరికే ఫోను చేశాడు. "నా స్టూడియోలో మనుషుల ఫోటోలు తీసేదానికి ఒకరు కావల్ల. నాకు ఎక్కువొద్దు, ఒక్క ఫోటో చాలు. మా గురువు బాగుండాది అన్న ఫోటో తీసుకురా. ఉగాదికి ముందే రా" అన్నాడు. ఇంట్లో వెంకటప్ప కూడా ఒక మాట తేల్చేశాడు. ఉగాదిలోపు ఏదో ఒకటి కుదిరితే సరి, లేకపోతే ఆ కెమెరా అమ్మేసి బజార్లో బట్టలంగట్లో కూర్చోవాలి. దాంతో చౌడేశ్వరి బతుకంతా బాలస్వామి నోట్లోంచి రావలసిన ఒక్క మాట మీద నిలబడింది.

సరిగ్గా అప్పుడే సిద్దమ్మకు కడుపునొప్పి ముదిరింది. కర్నూలు తీసుకెళ్తే అన్ని పరీక్షలూ చేశారు. కడుపులో గడ్డ, అప్పటికే కాలేయానికి పాకిపోయింది. డాక్టరు బాలస్వామిని పక్కకు పిలిచి, "ఇంటికి తీసుకెళ్ళండి. ఆమెకు ఇష్టమైనవి పెట్టండి" అన్నాడు. ఆ మాటకు అర్థం తెలియని అమాయకుడా బాలస్వామి? ఎన్ని చావు ఇళ్ళలో విన్నాడు! కడుపులో పుండట, మందులు వాడితే తగ్గిపోతుందట అని గేరిలో అందరికీ చెప్పాడు. చౌడేశ్వరికీ అదే చెప్పాడు. సిద్దమ్మకూ అదే చెప్పబోయాడు.

"నీ మొగం చూస్తే తెలీదా నాకు?" అంది సిద్దమ్మ. "ఇంగ ఆ అబద్ధాలు కట్టిపెట్టు గానీ, ఒక మాట చెప్తా విను. నా తలకాయను ఆ పచ్చచీర మీద అతికించినావంటే దయ్యమై వచ్చి నీ స్టూడియోలో కూర్చుంటా. నాకు నిజం ఫోటో కావల్ల. నా చీరలో, నా ఒళ్ళుతో."

 "నేను తీస్తాలే" అన్నాడు బాలస్వామి.

"నువ్వొద్దు. నువ్వు కెమెరా ఎత్తితే నాకు కుర్చీ, పంచె గుర్తుకొస్తాయి. చౌడిని తీయమను. ఆ పిల్ల తీస్తే నవ్వుతా."

మరునాడు సాయంత్రమే చౌడేశ్వరి వచ్చింది. సిద్దమ్మ తను నేసుకున్న నీలం చీర కట్టుకుని అరుగు మీద కూర్చుంది. పిల్ల కెమెరా కిందికి దించి కబుర్లు మొదలుపెట్టింది. వెనకింటి కోడలు అత్తను ఎట్లా ఆటపట్టించిందో సిద్దమ్మ చెబుతూ చెబుతూ, తన మాటకు తనే పగలబడి నవ్వబోయి ఆగింది. ఆ ఆగిన క్షణంలో చౌడేశ్వరి తీసింది.

ఫోటోను కంప్యూటరులో పెద్దది చేసి చూపించగానే బాలస్వామి కుర్చీ తెర దగ్గరికి జరుపుకున్నాడు. ఎంత ఫోటో! సాయంత్రపు వెలుగు చెంప మీద పడి జారుతోంది. కళ్ళలో ఆ కొంటెతనం, పెదవి చివర దాచుకున్న నవ్వు, చెవి పక్క నెరిసిన నాలుగు వెంట్రుకలు. ఇన్నేళ్ళు పక్కనే ఉన్న సిద్దమ్మ మొత్తంగా ఆ ఫోటోలో ఉంది. తన జన్మలో తను ఇట్లాంటిది ఒక్కటీ తీయలేదు.

బాగుండాది అనబోయాడు. అనబోతుంటే, ఆ ఫోటోకు చుట్టూ చట్రం కనబడింది. దండ కనబడింది. కింద పేరు, పుట్టిన తేదీ, ఆ పక్కన ఇంకో తేదీ కోసం తను ఎప్పుడూ వదిలిపెట్టే ఖాళీ జాగా కనబడింది. ఎందరికో తన చేత్తోనే కట్టినవాడు కదా, కళ్ళకు కట్టినట్టు కనబడింది. ఈ ఫోటో బాగుందంటే ఇదే పటం. పటం సిద్ధమైతే ఇక దేనికోసం ఆగాలి?

"వెలుతురు చాల్లేదు" అన్నాడు.

 "బాగుండేదేందో చెప్పలేదే పెద్దనాయనా?" అంది చౌడేశ్వరి.

"ఏం లేదు. మళ్ళీ తీ."

పాపం, ఆ పిల్ల మళ్ళీ తీసింది. వెనక గోడ రంగు బాగాలేదన్నాడు. గోడ మార్చింది. కమ్మ మెరుస్తోందన్నాడు. కమ్మలు తీయించింది. బొట్టు వంకరన్నాడు, కొంగు నలిగిందన్నాడు, చూపు పక్కకు పోయిందన్నాడు. కెమెరాకు సంబంధం లేని తప్పులు కూడా పట్టాడు. తను చేస్తున్నది తప్పని ఆయనకు తెలియదా? తెలుసు. తెలిసి కూడా ఏం చేయలేకపోయాడు. బాగుండాది అనబోయి ఇంకో తప్పు వెతికేవాడు. ముఖాన విసిరికొట్టిన ఆ గురువే నయం, కనీసం అబద్ధపు తప్పులు చెప్పలేదు.

ఇంకో ఘోరం ఏమిటంటే, ఆయన వద్దన్నకొద్దీ ఫోటోల్లో సిద్దమ్మ తగ్గిపోతోంది. మొన్నటి ఫోటోలో ఉన్న బుగ్గ నిన్నటి ఫోటోలో లేదు. నిన్న ఉన్న కంటి మెరుపు ఈరోజు లేదు. మెడ ఎముకలు తేలాయి. ఎదురుగా మంచం మీదున్న మనిషిని చూస్తే తెలియని తేడా, ఫోటోలు పక్కపక్కన పెడితే నిలువునా తెలిసిపోయేది. ఒప్పుకుంటే పటమవుతుంది, ఒప్పుకోకపోతే మనిషి కరిగిపోతోంది. 

చౌడేశ్వరికి చెయ్యి చెడింది. ఎట్లా తీసినా బాగుండదన్న భయం పట్టుకుంది. పెద్దమ్మతో కబుర్లు మానేసి, గడ్డం పైకెత్తు, కదలొద్దు అనడం మొదలుపెట్టింది. బయట తీసిన ఫోటోలు కూడా మళ్ళీ పాతదారి పట్టాయి, నెత్తిన గుంజలు మొలిచాయి. ఉగాది దగ్గరపడింది. ఒకరోజు సాయంత్రం మళ్ళీ ఒకటి తెచ్చి చూపిస్తే బాలస్వామి తెర వైపు సరిగా చూడకుండానే, "ఊహూ" అన్నాడు.

"నాకు రాదులే పెద్దనాయనా" అంది చౌడేశ్వరి. కళ్ళనిండా నీళ్ళున్నాయి. "నీకు శానా శ్రమ ఇచ్చినా. రేపు కెమెరా అమ్మేస్తా. మా నాయన అంగట్లో మాట్లాడి పెట్టినాడు." ఆ మాట అని వెళ్ళిపోయింది. ఆగమ్మీ అని బాలస్వామి పిలవలేకపోయాడు. 

నడవలో మంచం మీద నుంచి సిద్దమ్మ పిలిచింది. "ఆ పిల్ల ఏడ్చుకుంటా పోతాంది. ఏమన్నావ్?"

"ఏమనలేదు. ఫోటో బాగలేదన్నా."

"ఎందుకయ్యా అంత అబద్ధం? ప్రతిరోజూ తీసినాక నాకు చూపించే పోతాంది ఆ పిల్ల. మొదటిరోజు అరుగు మీద తీసింది చూసి నాకు నేనే ముద్దొచ్చినా. నీకు కనపడలేదా? ఊరందరి మొగాలు చూసినోడివి."

 బాలస్వామి మంచం పట్టె పట్టుకుని కింద కూర్చున్నాడు.

"నాకు తెలుసులే" అంది సిద్దమ్మ మెల్లగా. "నువ్వు బాగుండాది అంటే నేను సచ్చిపోతానని నీ భయం. అనకుంటే బతుకుతానా, పిచ్చోడా? నన్ను ఆపేదానికి ఆ పిల్ల బతుకును అడ్డం పెడతాండావు. ఇదేమన్నా న్యాయమా?"

ఆ మాటతో బాలస్వామి కట్ట తెగినట్టు ఏడ్చాడు. చావు ఇళ్ళలో అందరూ ఏడుస్తుంటే ఏడవకుండా నిలబడి ఫోటోలు తీసిన మనిషి, చిన్నపిల్లాడిలా మంచానికి తల ఆనించి ఏడ్చాడు. సిద్దమ్మ ఆయన తల నిమురుతూ ఉండిపోయింది. కాసేపటికి, "ఇంగ చాల్లే. లెయ్యి. పోయి పిల్చకరా పో" అంది.

వెంకటప్ప ఇంటికి వెళ్ళి చౌడేశ్వరిని తనే వెంటబెట్టుకొచ్చాడు. కంప్యూటరులో ఆ మొదటిరోజు ఫోటో తెరిచాడు. ఎప్పటిలా మూడు మాటలూ చెప్పాలని కూర్చున్నాడు.

"బాగుండేది మొదట చెప్తా. వెలుగు ఎంత కావల్లనో అంతే తీసుకున్నావు. నవ్వు వచ్చినాక అందరూ తీస్తారు, నువ్వు అది రాకముందే పట్టినావు. అట్ల పట్టల్లంటే ఆ మనిషి మీద ఇష్టముండల్ల. అది నేర్పిస్తే వచ్చేది కాదు."

"తప్పేంది పెద్దనాయనా?" అంది చౌడేశ్వరి భయం భయంగా.

బాలస్వామి చూశాడు. ఆ మూలా ఈ మూలా వెతికాడు. ఒక్కటైనా దొరకకూడదా అని ఇంకోసారి చూశాడు.

"లేదమ్మీ. ఏం తప్పూ లేదు. బాగుండాది. రేపు ఇది పట్టుకొని కర్నూలుకు పో. బాలస్వామి బాగుండాది అన్నాడని చెప్పు."

చౌడేశ్వరి ఎగిరి గంతేసినంత పని చేసింది. వంగి ఆయన కాళ్ళకు దండం పెట్టింది. లేస్తూ, "మరి ఇన్ని దినాలు ఎందుకు..." అని అడగబోయి ఆయన మొహం చూసింది. అక్కడ్నుంచి నడవలో మంచం వైపు చూసింది. దుప్పటి కింద మనిషి ఉందో లేదో అన్నట్టున్న పెద్దమ్మను చూసింది. ఇన్నాళ్ళూ కెమెరాలోంచి చూస్తూ, కడుపులో పుండని తనకు చెప్పిన మాటే నమ్మిన పిల్లకు అంతా ఒక్కసారిగా అర్థమైంది. 

కర్నూలులో జయకుమార్ ఫోటో చూసి, మరో మాట లేకుండా పనిలోకి రమ్మన్నాడు. ఆ కబురు ఫోనులో విని సిద్దమ్మ, "నా మొగానికి కొలువు వచ్చింది చూసినావా!" అని మురిసిపోయింది. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నది కూడా. తిన్నాక, "ఏదీ, ఆ ఫోటో పెద్దది చేసి తీసుకరా. చూసుకుంటా" అంది.

బాలస్వామి పటానికి సరిపోయేంత పెద్దది చేసి అచ్చు తీశాడు. చట్రం కట్టలేదు. ఆమెను దిండుకు ఆనించి కూర్చోబెట్టి చేతిలో పెట్టాడు.

సిద్దమ్మ ఫోటోను ఒళ్ళో పెట్టుకుని చూసింది. ఏదో ఒక ఎగతాళి మాట వస్తుందని బాలస్వామి ఎదురుచూశాడు. రాలేదు.  నిండుగా ఉన్న ఆ బుగ్గ మీద వేలు పెట్టి, కాసేపు అట్లాగే ఉంచింది. 

"ఏమయ్యా" అంది చివరికి, తలెత్తకుండా. "దీంట్లో నేను శానా సిక్కిపోయినా కదా?"

ఇన్నాళ్ళూ తను ఆడిన అబద్ధమే ఇప్పుడు ఆమె నోట వినబడింది బాలస్వామికి.

"వచ్చే నెలకు కొంచెం ఒళ్ళు పట్టుకుంటాది నాకు. అప్పుడు చౌడి వస్తాదిలే, ఇంగోటి తీయిద్దాం. ఇది వద్దు."

బాలస్వామి ఫోటోలోని మనిషిని చూశాడు, మంచం మీది మనిషిని చూశాడు.

"అవునే. శానా సిక్కిపోయినావు దీంట్లో" అన్నాడు. "వచ్చే నెల తీయిద్దాం."